పదిహేడో రోజు

పుదుప్పేట పాతసామాన్ల కొట్లో
తూకానికి కొన్నాను దాన్ని.
నలభై రెండు కిలోలు. కిలో ముప్పై ఆరు.
వ్యాసర్పాడిలో మా మెట్లు రెండుసార్లు మెలిక తిరుగుతాయి.
రెండో మెలికలో ఇరుక్కుని
నేనూ, ఎదురింటి కన్నియప్పా, అదీ
పావుగంట ఒకరి ఊపిరి ఒకరం పీల్చుకున్నాం.
"ఫ్రిజ్జా?" అంది పైనించి ధనభాగ్యం, ఆశగా.
"తిరగేసిన ఫ్రిజ్జు," అన్నాను.

విప్పితే
బోర్డు మీద బొద్దింకల సంసారం,
పొట్టలుబ్బిన కెపాసిటర్లు రెండు,
ఫ్యాను గొంతులో తుప్పు.
తలుపు లోపలి రేకు మీద
బాల్‌పెన్ను నొక్కి నొక్కి రాసిన తెలుగు:
"తలుపు ఊరికే తియ్యకండి. చూసేకొద్దీ ఆలస్యం.
బాలగురవయ్య, రాత్రి డ్యూటీ."
ఏ హేచరీయో, ఎవరి రాత్రులో.
తక్కినదంతా స్పిరిట్‌తో తుడిచాను.
ఆ నాలుగంగుళాలు వదిలేశాను.

రిచీ స్ట్రీట్‌లో మూడు శనివారాలు.
రిలే దొరికింది. వేడి కనిపెట్టే గింజ దొరికింది,
ఆవగింజంత, ఇరవై రూపాయలు.
చిప్పు మాత్రం ఇక రాదన్నాడు సెల్వమణి.
"మా నాన్న కాలం కంప్యూటర్ సార్ ఇది,
చెవుడు. చెప్పిందే చెప్పాలి."
ఉన్న చిప్పుకే కాళ్లు తుడిచి
కొత్త టంకం పెట్టి
చెప్పులేసుకుని, ఒంటి చేత్తో స్విచ్చేశాను.

ఎర్రటి అంకెలు వణికి, నిలబడ్డాయి.
తేదీ జనవరి ఒకటి. ఏ ఏడో దానికే తెలియదు,
లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.
దాని కింద, ఇంగ్లీషులో:
రోజు 17. గుడ్లు 288. కొనసాగించాలా?

పదిహేడో రోజుకి
లోపల కళ్లుంటాయి. గోళ్లుంటాయి.
ముక్కు కొసన, పెంకు కొట్టడానికి, చిన్న పన్నుంటుంది.
ఇంకో నాలుగు రోజులు.
ఇరవయ్యొకటో రోజు
మా ఇళ్లలో ఉయ్యాల కట్టే రోజు.

కరెంటు పోయిందో, తుఫానో,
జీతమివ్వని యజమాని మీద అలిగి
బాలగురవయ్య ఆ రాత్రి రాలేదో.
ఇది మాత్రం అక్కడే ఆగి
ఎన్నేళ్లుగానో అడుగుతోంది,
అన్నం కలిపిన చెయ్యి ఎండిపోతున్నా
గుమ్మంలోంచి లేవని మనిషిలా.

"వద్దని నొక్కు," అంది ధనభాగ్యం, కాఫీ గ్లాసుతో.
కాసేపుండి,
"పోనీ, కానీ," అంది.

అవునని నొక్కాను.
ఖాళీ ట్రేలు రెండు గంటలకోసారి
ఇటొరిగి, అటొరిగి
ఏమీ లేనిదాన్ని జాగ్రత్తగా తిప్పాయి.
కరెంటు బిల్లు తలచుకుని నవ్వుకున్నాను గానీ
పద్దెనిమిదో రోజున తిప్పడం దానంతటదే ఆపేసినప్పుడు
నాక్కూడా టీవీ సౌండు తగ్గించాలనిపించింది.
ఇరవయ్యొకటో నాటి తెల్లారుజామున
గంట కొట్టింది.
ఇద్దరం లేచి వెళ్లి తలుపు తీశాం.
వెచ్చటి గాలి, కాస్త తుప్పు వాసన, అంతే.

ఇప్పుడు రెడ్‌హిల్స్ నాటుగుడ్లు ముప్పై.
మే నెల. లోపల ముప్పై ఏడున్నర కావాలి,
బయట ముప్పై తొమ్మిది.
వేడి చెయ్యడమొక్కటే నేర్చిన మిషను
బిక్కమొహం వేసి కీ కీమంటుంది.
నీళ్ల ట్రే అక్కర్లేదు, సముద్రమే పోస్తోంది.
మధ్యాహ్నాలు తడిగుడ్డ కప్పి
టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి
మేమిద్దరం చెమటల్లో పడుకుంటున్నాం.

ఏడో రాత్రి ఫోను లైటు మీద పెట్టి చూశాను.
ఇరవై ఏడింటిలో ఎర్రటి సాలెగూడు.
మూడు ఉత్తవి, లోపల ఊరికే దీపం.
తీసెయ్యబోతే ధనభాగ్యం చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ."
"కుళ్లి పేలతాయి."
"పేలితే నేను తుడుస్తా," అంది. "ముందా తలుపెయ్యి."